పొత్తు ముందు నీళ్లతో

కొత్త అక్వేరియంలో ఏ చేపలు కలిసి బతుకుతాయో వాటి స్వభావం కన్నా ముందు వాటి మొప్పలు, నోళ్లు, పుట్టిన నదులు చెబుతాయి.

కొత్తగా కొన్న అక్వేరియంలో చేపలు చనిపోయే తీరు చాలా ఇళ్లలో ఒకేలా ఉంటుంది. మూడడుగుల తొట్టె, అడుగున రంగురాళ్లు, వెనక నీలం కాగితం. రెండు గోల్డ్ ఫిష్, నాలుగు నియాన్ టెట్రాలు, ఒక జత ఏంజెల్ ఫిష్, అద్దానికి పట్టిన పాచి తింటుందని ఒక సక్కర్, పిల్లలు ముచ్చటపడ్డారని రెండు చిన్న ‘షార్క్’లు. మొదటి నాలుగైదు రోజులు అన్నీ హుషారుగా తిరుగుతాయి. రెండో వారంలో ఒకటి పైకి తేలుతుంది. మర్నాడు ఇంకొకటి. నీళ్లు తేటగానే ఉంటాయి, రెక్కలు చిరిగిన జాడ ఉండదు, మేత వేళకే పడుతుంది. దుకాణంలో అడిగితే “నీళ్లు పడలేదండీ” అని ఇంకో నాలుగు చేపల్ని సంచిలో పోసి ఇస్తారు. అవే జాతులు ఆ దుకాణం తొట్టెల్లో నెలల తరబడి బాగానే ఉంటున్నాయి కదా, ఇంటికి రాగానే ఏమైంది?

చేపల పొంతన గురించి అందరం వేసే ప్రశ్న ఒకటే: ఏది సాధువు, ఏది కొట్లాటకోరు? పట్టికలు కూడా అలాగే ఉంటాయి. ఈ జాతికీ ఆ జాతికీ పడుతుంది, దీనికీ దానికీ పడదు, అంతే. ఆ సమాచారం అబద్ధం కాదు. కానీ అది చివర అడగాల్సిన ప్రశ్నకు జవాబు. రెండు చేపలు ఒకదాన్నొకటి సహించడానికి ముందు, ఆ రెండూ ఒకే నీటిలో ఊపిరి పీల్చగలగాలి, ఒకే వేడిలో తిన్నది అరిగించుకోగలగాలి, వాటి విసర్జనను ఆ తొట్టె భరించగలగాలి. కొత్త తొట్టెల్లో చావులు ఎక్కువగా ఈ మొదటి మెట్ల దగ్గరే జరుగుతాయి. కొట్లాట దాకా వెళ్లే అవకాశం కూడా ఆ చేపలకు దక్కదు.

తొట్టెలో మొదట కాపురం పెట్టేవి

మంచినీటి చేప తన శరీరంలోని నత్రజని వ్యర్థాన్ని ఎక్కువ భాగం మొప్పల గుండానే, అమోనియా రూపంలో, అనుక్షణం బయటికి వదులుతూ ఉంటుంది. నదిలో అది క్షణాల్లో పలచబడిపోతుంది. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో పట్టేది సుమారు 85 లీటర్లు. రాళ్లూ పైన వదిలే ఖాళీ పోను 70 మిగిలితే గొప్ప. వదిలిన అమోనియా అక్కడే తిరుగుతూ మళ్లీ అదే మొప్పలను కాలుస్తుంది. దీనికి రంగు ఉండదు, ఆ మోతాదులో వాసనా తెలియదు. నీళ్ల తేటదనం చూసి ఏమీ చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

దీన్ని విరిచేవి బ్యాక్టీరియా. ఒక రకం అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అది కూడా విషమే. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని గోధుమరంగు పదార్థంగా మార్చేస్తుంది కాబట్టి నీటిలో ప్రాణవాయువు ఉన్నా చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను చేపలు చాలావరకు తట్టుకుంటాయి. వారానికోసారి కొంత నీరు మార్చినప్పుడు అది తొలగిపోతుంది. ఈ రెండు పనులూ ఎప్పుడూ వేర్వేరు జీవులే చేస్తాయని శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా నమ్మారు. 2015లో రెండు పరిశోధక బృందాలు, రెండు మెట్లనూ ఒక్కటే ఎక్కగల నైట్రోస్పైరా బ్యాక్టీరియాను కనిపెట్టాయి. వాటిలో ఒక బృందానికి అది దొరికింది చేపల పెంపకానికి వాడే వడపోత యంత్రంలోనే!

ఈ బ్యాక్టీరియా నీటిలో తేలుతూ ఉండదు. ఫిల్టరు స్పాంజికీ రాళ్లకూ పొరలా అంటుకుని పెరుగుతుంది, అదీ చాలా నిదానంగా. కొత్త తొట్టెలో ఇది సరిపడా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజే పది చేపలు దిగితే అమోనియా మాత్రం మొదటి రోజు నుంచే పేరుకుంటుంది. రెండో వారం చావులకు కారణం ఈ ఎడమే. దుకాణం ఫిల్టర్లలో ఆ పొర ఏళ్లుగా ఉంటుంది. పైగా అక్కడ ఏ చేపా ఎక్కువ రోజులు ఉండదు, ఉన్నవి పిల్లలు. పాలకు తోడు వేసినట్టు, బాగా నడుస్తున్న తొట్టె నుంచి కొంచెం పాత స్పాంజి తెచ్చి కొత్త ఫిల్టరులో పెడితే ఈ గడువు బాగా తగ్గుతుంది. కానీ ఆ స్పాంజిని కుళాయి కింద కడిగితే మున్సిపాలిటీ నీళ్లలోని క్లోరిన్ ఆ పొరనే చంపుతుంది. తొట్టెలోంచి తోడిన నీళ్లలో పిండటం సురక్షితమైన పద్ధతి.

▣ అమోనియాకు రెండు ముఖాలు
నీటిలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం ఉన్న రూపం మొప్పల గుండా తేలిగ్గా లోపలికి పోలేదు. ఆవేశం లేని రూపం పోతుంది, చంపేది అదే. వీటి పాళ్లను నిర్ణయించేవి నీటి క్షారత (దాని కొలత పీహెచ్), వేడి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో విషపు రూపం వెయ్యి పాళ్లలో ఆరు మాత్రమే. పీహెచ్ 8కి చేరితే వంద పాళ్లలో ఐదు దాటుతుంది, అంటే దాదాపు పది రెట్లు. వేడి పెరిగినా ఈ పాలు పెరుగుతుంది. క్షారత ఎక్కువున్న బోరు నీళ్లతో, ఎండాకాలంలో కొత్త తొట్టె మొదలుపెట్టడం అందుకే అన్నిటికన్నా ప్రమాదకరం. అమోనియా పరీక్ష చుక్కల సీసా ఒకటి కొనడం, ఇంకో జత చేపలు కొనడం కన్నా ఎంతో మేలు.

ఇక్కడ 1850 నాటి ఒక సంగతి చెప్పాలి. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక తొట్టెలో రెండు చిన్న గోల్డ్ ఫిష్‌నూ ఒక నీటి మొక్కనూ ఉంచాడు. కొంతకాలానికి మొక్క ఆకులు కుళ్లి నీరు పాడవసాగింది. ఆయన ఇంకో చేపను తేలేదు, ఉన్నవాటిని తీయలేదు. కొన్ని నీటి నత్తలను వేశాడు. అవి కుళ్లిన ఆకులను తినేసరికి తొట్టె కుదుటపడింది. పొంతన కుదరాల్సింది చేపకూ చేపకూ మాత్రమే కాదని ఇంత తొందరగా పట్టుకోవడం మెచ్చదగినది. ఆయనకు అప్పటికి తెలియని బ్యాక్టీరియాను కూడా కలుపుకుంటే మన చిత్రం పూర్తవుతుంది.

పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు

ఎన్ని చేపలు పడతాయన్నదానికి ఇన్ని లీటర్లకు ఒక అంగుళం చేప అనే లెక్క బాగా ప్రచారంలో ఉంది. చిన్న చేపలకు అది కొంత పనికొస్తుంది, పెద్దవాటి దగ్గర ఘోరంగా తప్పుతుంది. చేప పొడవు రెట్టింపైతే వెడల్పూ మందమూ కూడా రెట్టింపవుతాయి. కాబట్టి బరువు రెండు రెట్లు కాదు, దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది. తినేదీ విసర్జించేదీ పెరిగేది శరీరం బరువును బట్టి. అయిదు సెంటీమీటర్ల చేపలు ఆరు ఉన్న తొట్టె, ముప్పై సెంటీమీటర్ల చేప ఒకటి ఉన్న తొట్టె, రెండూ ఈ లెక్క ప్రకారం సమానం. బరువులో చూస్తే ఆ ఒక్క చేపా ఆ ఆరింటికీ కలిపి ముప్పై ఆరు రెట్లు.

దుకాణంలో ‘షార్క్’ పేరుతో అమ్మే వెండిరంగు చేపపిల్ల నిజానికి మెకాంగ్ నది నుంచి వచ్చిన పంగేసియస్. ఆంధ్రలో కొల్లేరు చుట్టుపక్కల రైతులు ఎకరాల చెరువుల్లో కిలోకు పైగా పెంచి లారీల్లో ఎగుమతి చేసే ‘ఫంగస్’ చేప అదే. ఎదగనిస్తే మీటరు దాటుతుంది. సక్కర్ కూడా అంతే. వేలెడంత ఉన్నప్పుడు పాచి తింటుంది, పెరిగితే నలభై సెంటీమీటర్లు దాటగలదు, అప్పటికి పాచి మీద మోజు తగ్గి మేత కోసం చూస్తుంది. కాబట్టి దుకాణంలో ఉన్న పరిమాణం కాదు, పూర్తిగా పెరిగాక ఉండే పరిమాణమే లెక్కలోకి తీసుకోవాలి.

తొట్టె ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది కదా అనే వాదన తరచుగా వినిపిస్తుంది. ఎదుగుదల ఆగేమాట నిజమే. పేరుకున్న వ్యర్థాలు, కదలిక లేకపోవడం, ఒత్తిడి కలిసి దాన్ని గిడసబారుస్తాయి. అది చేప తొట్టెకు సర్దుకుపోవడం కాదు, జబ్బుపడటం. వెన్ను వంగి, ఆయుష్షు తగ్గి బతికే చేపను పొంతన కుదిరిందనడానికి సాక్ష్యంగా చూపలేం.

పుట్టిన నది మొప్పల్లో ఉంటుంది

మంచినీటి చేప శరీరంలోని ద్రవాలు చుట్టూ ఉన్న నీటికన్నా ఉప్పగా ఉంటాయి. అందువల్ల నీరు మొప్పల గుండా నిరంతరం లోపలికి ఊరుతూ ఉంటుంది, లోపలి లవణాలు బయటికి జారిపోతూ ఉంటాయి. చేప మూత్రపిండాలు పలచని మూత్రంగా ఆ నీటిని తోడేస్తూ ఉంటాయి, మొప్పలు నీటిలో దొరికిన కాస్త లవణాన్నీ పట్టి లోపలికి లాగుతూ ఉంటాయి. ఈ పనికి ఒక్క క్షణం విరామం లేదు. ఒక్కో జాతి మొప్పలు, తాను పుట్టిన నీటిలో దొరికే లవణాలకు తగ్గట్టు ఈ పని నేర్చాయి. నియాన్ టెట్రా పశ్చిమ అమెజాన్ వాగులది. ఆకులు నాని టీ రంగు తిరిగిన అక్కడి నీటిలో లవణాలు దాదాపు వాననీటికి దగ్గరగా, చాలా తక్కువ. మోలీ మధ్య అమెరికా తీరపు కఠిన జలాలది, కొంచెం ఉప్పు నీటిలో కూడా సుఖంగా ఉంటుంది. సున్నపు లవణాలు మొప్పల గోడలను బిగువుగా ఉంచుతాయి. అవి లేని మెత్తటి నీటిలో మోలీ తన లవణాలను నిలుపుకోలేక నీరసిస్తుంది, రెక్కలు ముడుచుకుని ఉన్నచోటే ఊగుతుంది. రెండూ సాధువులే, ఒకదాన్నొకటి ముట్టుకోవు. అయినా ఒకే తొట్టెలో పెడితే రెంటిలో ఒకదానికి నీరు ఎప్పుడూ తప్పే.

వేడి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. అదే పది డిగ్రీల పెరుగుదలకు చేప శరీరానికి కావలసిన ప్రాణవాయువు ఇంచుమించు రెట్టింపవుతుంది. అవసరం పెరిగినకొద్దీ సరఫరా తగ్గుతుందన్నమాట. గోల్డ్ ఫిష్ చైనాలో పుట్టిన కార్పు జాతి, 18 నుంచి 22 డిగ్రీల మధ్య కులాసాగా ఉంటుంది. డిస్కస్ అనే చేపకు 28 నుంచి 30 కావాలి. హైదరాబాద్‌లో మే నెల గదిలో తొట్టె నీరు 30 దాటడం మామూలే, డిసెంబరు రాత్రుల్లో 20కి దిగువకూ పోతుంది. కాబట్టి మన ఊళ్లో ఎంపిక, పుస్తకంలో రాసిన ఆదర్శ ఉష్ణోగ్రతతో కాకుండా మన గది వేసవిలోనూ చలికాలంలోనూ చేరే అంచులతో మొదలవాలి. తొట్టె మూత తీసి నీటి మీద చిన్న ఫ్యాను తిప్పితే నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ పొడి ఎండలో ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది, ఉక్కపోసే కోస్తాలో అంతగా కాదు.

పుట్టిన నీటిని బట్టి చేపను ఎంచుకోవాలనే మాటకు బలమైన అభ్యంతరం ఒకటుంది. ఈ చేపలు అమెజాన్‌లో పట్టినవి కావు, చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల తరాలుగా పెంచినవి, మన నీళ్లకు అలవాటు పడే ఉంటాయి కదా అని. ఇందులో సగం నిజం. పెంపకపు టెట్రాలు మధ్యస్థ కాఠిన్యంలో బాగానే బతుకుతాయి, అవి పెట్టిన గుడ్లు పిల్లలవాలంటేనే మెత్తటి నీరు కావాలి. కానీ అలవాటుకు హద్దు ఉంటుంది. గీజరు కాయిల్ మీద తెల్లగా గట్టిపడే, సబ్బు నురగరాని బోరు నీళ్లలోకి సంచి విప్పి పోస్తే ఆ హద్దు ఒక్క నిమిషంలో దాటుతాం. పైగా ఎన్ని తరాలు తొట్టెల్లో పెరిగినా చేప పెరిగే పొడవూ, నోటి వెడల్పూ, గుంపు అవసరమూ మారలేదు. ఆర్వో నీళ్లు పోస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. లవణాలన్నీ తీసేసిన ఆ నీటిలో ఆమ్లత స్థిరంగా నిలవదు. బోరు నీటితో కొలత ప్రకారం కలిపితేనే అది పనికొస్తుంది. అంతకన్నా తేలికైన దారి, మన కుళాయికి సరిపోయే చేపలనే ఎంచుకోవడం.

నోరు ఎటుంటే మేత అటు

తెలుగు నేల మీద చేపల పొంతన కొత్త విద్యేమీ కాదు. గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లో బొచ్చె, శీలావతి, మృగాల కలిపి పెంచడం దశాబ్దాలుగా ఉంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి పైపొరల్లో మేస్తుంది. శీలావతి నడిమి నీటిది. మృగాల నోరు కిందికి ఉంటుంది, అడుగున వెతుక్కుంటుంది. ఒకే చెరువులో మూడూ పెరిగేది స్నేహం వల్ల కాదు, ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డం రాకపోవడం వల్ల. అక్వేరియానికీ సూత్రం ఇదే. గప్పీ, హాచెట్ ఫిష్ పైన, టెట్రాలు, బార్బ్‌లు నడుమ, కోరిడోరాస్ అడుగున. దుకాణంలో కొత్త చేపను చూసినప్పుడు రంగు కన్నా ముందు నోరు ఎటు తిరిగి ఉందో చూస్తే అది ఎక్కడ బతుకుతుందో చాలావరకు తెలుస్తుంది. ఒకే అంతస్తులో నాలుగు జాతులను కుక్కితే, ఎంత సాధువైనా నెమ్మదైనది ఆకలితో ఉండిపోతుంది.

నోటి విషయంలో ఇంకో కఠినమైన నిజం ఉంది. చాలా చేపలకు తిండి అంటే నోట్లో పట్టేది. ఏంజెల్ ఫిష్ చిన్నదిగా ఉన్నప్పుడు నియాన్ టెట్రాల మధ్య హాయిగా తిరుగుతుంది. పదిహేను సెంటీమీటర్లకు ఎదిగాక మూడు సెంటీమీటర్ల సన్నని టెట్రా దానికి పొరుగు కాదు, మేత. దాన్ని క్రూరత్వం అనడం అన్యాయం, అడవిలో అది చేసేదే అది.

ఒంటరి చేపే గొడవపడుతుంది

ఇప్పుడు స్వభావం సంగతి. టైగర్ బార్బ్‌కు రెక్కలు కొరికే చేపగా పేరుంది. ఆ పేరు తెచ్చిపెట్టడంలో మన పాత్ర చాలా ఉంది. అది గుంపు చేప. గుంపులో అవి ఒకదాన్నొకటి తరుముకుంటూ తమ పెత్తనాలు తేల్చుకుంటాయి. రెండో మూడో తెచ్చి పెడితే ఆ తరుముడంతా పక్కనున్న గప్పీ తోక మీదికి పోతుంది. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో నియాన్ టెట్రా, వైట్ క్లౌడ్ మిన్నో, ఏంజెల్, టైగర్ బార్బ్‌లను ఒంటరిగా, జంటగా, అయిదుగా, పదిగా ఉంచి గమనించారు. టెట్రాలూ మిన్నోలూ పెద్ద గుంపుల్లో ఎక్కువగా కలిసి ఈదాయి, తక్కువగా కొట్లాడాయి. అంటే ‘సాధువు’, ‘గొడవ’ అనే గుణాలు జాతికి పుట్టుకతో అంటిన ముద్రలు కావు. చేప ఎన్నిటితో, ఎంత చోటులో ఉందన్నదాన్ని బట్టి పైకి వస్తాయి. దీనికి మినహాయింపులున్నాయి. మగ బెట్టా ఇంకో మగ బెట్టాను ఏ తొట్టెలోనూ ఓర్వదు.

“మా ఇంట్లో గోల్డ్ ఫిష్, టెట్రాలు ఏడాదిగా కలిసే ఉన్నాయి” అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్లు చెప్పేది నిజమే. కానీ మంచి వసతిలో గోల్డ్ ఫిష్ పది, ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఏడాది దాని జీవితంలో బాల్యం. ఒత్తిడిలో ఉన్న చేప రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను పెరిగి రోగనిరోధక శక్తిని అణచివేస్తుంది, ఒక చలిరాత్రి నీరు చల్లబడగానే ఒంటినిండా తెల్లమచ్చలు తేలుతాయి. మచ్చలకు మందు వేస్తాం, కారణం మాత్రం నెలల కిందటి ఎంపికలో ఉంటుంది.

ఒక తొట్టె, ఒక జాబితా

బోరు నీళ్లున్న హైదరాబాద్ ఇంట్లో మూడడుగుల తొట్టెకు ఎలా ఎంచుకోవచ్చో చూద్దాం. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహకంలో పుట్టిన జీబ్రా డానియో చలినీ వేడినీ తట్టుకుంటుంది, పై నీటిలో చురుగ్గా తిరుగుతుంది. ముందుగా ఇవి ఆరో ఎనిమిదో, కొద్దిపాటి మేతతో. పరీక్షలో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి నిలిచాక కఠిన జలాన్ని ఇష్టపడే ప్లాటీలు అయిదు. పిల్లల బెడద వద్దనుకుంటే అన్నీ మగవే తీసుకోవాలి. ఇంకో రెండు మూడు వారాలకు అడుగున కాంస్యపు రంగు కోరిడోరాస్ ఆరు. వాటి మీసాలు ఒరుసుకుపోకుండా పదునైన రంగురాళ్ల బదులు మెత్తటి ఇసుక వేయాలి. ఇందులో ఏంజెల్ లేదు, గోల్డ్ ఫిష్ లేదు, షార్క్ లేదు. గోల్డ్ ఫిష్ మీదే మనసుంటే అదీ సరైన కోరికే. అప్పుడు ఇంతకన్నా పెద్ద తొట్టెలో, చల్లటి గదిలో, వాటిని వాటితోనే ఉంచాలి.

తప్పు ఎంపిక ఇంటి గోడల మధ్య ఆగకపోవడం దీనిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. తొట్టెకు మించి పెరిగిన సక్కర్‌ను చంపడానికి చేతులు రాక చాలామంది దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప మొండిది. ఒంటికి ఎముకల కవచం ఉంటుంది, ప్రాణవాయువు తక్కువున్న మురుగులోనూ గాలి మింగి బతుకుతుంది, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. కృష్ణా నదిలో జాలర్ల వలల్లో పడి వలలు చింపుతున్నది, ‘దెయ్యం చేప’ అనిపించుకుంటున్నది ఇదే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ విభాగం పరిశోధకులు, చెరువు నీటిలో చేపలు వదిలిన డీఎన్ఏ ఆనవాళ్లను పట్టే పద్ధతితో తూర్పు కనుమల జలాశయాల్లో దీని వ్యాప్తిని గుర్తించారు. పెరిగిపోయిన చేపను కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వవచ్చు, చాలామంది ఉచితంగానైతే తీసుకుంటారు. పెద్ద తొట్టె ఉన్నవాళ్లకు ఇవ్వవచ్చు. చెరువులోనూ కాలువలోనూ మాత్రం వదలకూడదు. దుకాణంలో సక్కర్‌ను చూసినప్పుడు అది పెరిగాక ఎక్కడికి పోతుందో చెప్పలేకపోతే, దాన్ని అక్కడే ఉండనివ్వాలి. పాచి తీయడానికి పది రూపాయల స్పాంజి చాలు.